అరేలో మొదటి వరుస, షీట్‌లో అయిదో వరుస: రేంజ్‌ను మాక్రోలోకి తెచ్చుకున్నప్పటి లెక్క

(ప్రసంగ పాఠం. తెరపై చూపిన కోడ్‌ను ఇక్కడ చదివి వినిపించిన తీరులోనే తెలుగు లిపిలో ఇచ్చాము.)

మిత్రులందరికీ నమస్కారం. ఇవాళ మీ ముందు మాట్లాడబోయే విషయం చూడటానికి చాలా చిన్నది. ఎక్సెల్ షీట్‌లోని ఒక రేంజ్‌ను మాక్రోలో ఒక అరేలోకి తీసుకున్నప్పుడు, ఏ గడిలోని విలువ ఏ అంకె కిందికి వస్తుంది అన్నదే ఆ విషయం. రేంజ్ అంటే షీట్‌లోని కొన్ని గడుల కూడిక. మాక్రో అంటే ఎక్సెల్‌లో విబిఎ భాషలో రాసే కోడ్. అరే అంటే ఒకే పేరు కింద, అంకెలతో పిలిచేలా విలువలను పేర్చి ఉంచే చోటు. ఈ సభలో ఉన్నవారిలో చాలామంది ఖాతాల పనిలోనో, గణాంకాల పనిలోనో ఉండి, ప్రోగ్రామింగ్‌ను విడిగా చదువుకోకుండానే, మాక్రో రికార్డర్‌తో మొదలుపెట్టి సొంతంగా కోడ్ రాయడం దాకా వచ్చినవారని నాకు తెలుసు. నేనూ అలా వచ్చినవాణ్ణే. అలా వచ్చినవారికి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్‌లు పట్టుబడతాయి, షరతులు పట్టుబడతాయి. ఈ అంకెల సంగతి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఈ గంటా దీనికే ఇవ్వమని నిర్వాహకులను అడిగాను.

మాట గాలిలో తేలిపోకుండా ఒక పట్టికను ముందు పెట్టుకుందాం. తెలంగాణలో 33 జిల్లాలు ఉన్నాయి. ఒక షీట్‌లో బి కాలమ్‌లో జిల్లా పేరు, సి కాలమ్‌లో సాధారణ వర్షపాతం, డి కాలమ్‌లో ఈ ఏడాది కురిసిన వర్షపాతం ఉన్నాయనుకోండి. ఎ కాలమ్ ఖాళీ. పై మూడు వరుసల్లో పట్టిక పేరు, తేదీ, ఒక ఖాళీ వరుస ఉన్నాయి. నాలుగో వరుసలో కాలమ్‌ల శీర్షికలు ఉన్నాయి. అసలు వివరాలు అయిదో వరుసలో మొదలై 37వ వరుసలో ముగుస్తాయి. పేర్లను ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేర్చాం కాబట్టి అయిదో వరుసలో ఆదిలాబాద్, 37వ వరుసలో యాదాద్రి భువనగిరి ఉంటాయి. ఈ పట్టికను నేను చివరిదాకా వదలను.

ఇప్పుడు మాక్రోలో ఒకే ఒక వాక్యం రాద్దాం.

డేటా = షీట్.రేంజ్("బి5:డి37").వాల్యూ

ఇలా ఒక్క దెబ్బకు మొత్తం తెచ్చుకోవడం ఎందుకని కొత్తవారు అడుగుతారు. ఒక్కొక్క గడినీ విడిగా చదివితే, చదివిన ప్రతిసారీ మాక్రో తన పని ఆపి ఎక్సెల్‌ను పిలిచి, జవాబు తీసుకుని వెనక్కి రావాలి. మన పట్టికకు అది 99 రాకపోకలు, పెద్ద నష్టమేమీ లేదు. కానీ 2007 నుంచి ఒక షీట్‌లో 10,48,576 వరుసలు పడుతున్నాయి. లక్ష వరుసల పట్టికను గడి గడికీ చదివే మాక్రో చాలాసేపు నడుస్తుంటే, అదే పట్టికను ఒకేసారి అరేలోకి తెచ్చుకున్న మాక్రో మనం కళ్లు ఆర్పేలోపు ముగుస్తుంది. అందుకే ఈ పద్ధతి అందరూ నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా. దానితోపాటు రావలసిన జాగ్రత్త ఒకటి వెనకబడిపోతుంది.

ఆ వాక్యం నడిచాక డేటాలో ఏముంది? ఏ రకం విలువనైనా పట్టే వేరియంట్ అనే పాత్రలో రెండు కొలతలున్న ఒక అరే ఉంది. మొదటి కొలత వరుసలది, ఒకటి నుంచి 33 దాకా. రెండో కొలత కాలమ్‌లది, ఒకటి నుంచి మూడు దాకా. ముందు వరుస, తరువాత కాలమ్. డేటా(1, 1) ఆదిలాబాద్ పేరు. డేటా(33, 3) యాదాద్రి భువనగిరిలో కురిసిన వర్షం. కోడ్‌ను మధ్యలో ఆపి, వేరియబుల్‌ల విలువలను చూపే లోకల్స్ కిటికీ తెరిస్తే ఈ హద్దులన్నీ కళ్లకు కనబడతాయి. ఆ కిటికీని అలవాటు చేసుకోమని నేను మళ్లీ మళ్లీ చెబుతుంటాను.

ఇక్కడ రెండు సంగతులు నిదానంగా చూడాలి. మొదటిది, లెక్క ఒకటితో మొదలైంది. మాడ్యూల్ (కోడ్ రాసే పుట) తల మీద, అరేల లెక్క ఎక్కడ మొదలవాలో చెప్పే ఆప్షన్ బేస్ వాక్యాన్ని సున్నా అని రాసినా, ఒకటి అని రాసినా, అసలేమీ రాయకపోయినా, రేంజ్ నుంచి వచ్చిన అరే ఒకటితోనే మొదలవుతుంది. ఆప్షన్ బేస్ మనం డిమ్ అని ప్రకటించుకునే అరేలకు వర్తించే కట్టుబాటు. రేంజ్ నుంచి వచ్చే అరేను మనం కట్టలేదు, ఎక్సెల్ కట్టి మన చేతికి ఇచ్చింది. ఎవరు కడితే వారి లెక్కే దానికి ఉంటుంది. రెండో సంగతి, ఆ ఒకటి షీట్‌లోని ఒకటో వరుస కాదు. మనం అడిగిన రేంజ్‌లో పై ఎడమ మూలనున్న గడిని ఒకటి, ఒకటి అంటున్నారు. షీట్‌లోని వరుస అంకె వేరు, అరేలోని వరుస అంకె వేరు. నా అనుభవంలో ఈ రకపు మాక్రోల్లో కనబడే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు లెక్కలనూ ఒకటిగా భావించడం వల్లనే పుట్టాయి.

సున్నాతో మొదలుపెట్టాలా, ఒకటితో మొదలుపెట్టాలా అన్న వాదం కంప్యూటర్ల రంగంలో పాతదే. ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 1957లో ఒకటితో మొదలుపెట్టింది. సి భాషలో అరే పేరు దాని మొదటి విలువ ఉన్న చోటును చూపుతుంది, అంకె ఆ చోటు నుంచి ఎంత దూరం జరగాలో చెబుతుంది. కనుక మొదటిదానికి జరగవలసిన దూరం సున్నా. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లో ఒక చిన్న చేతిరాత పత్రంలో సున్నా పక్షాన వాదించారు. షీట్‌లు మాత్రం సామాన్యుడు లెక్కించే పద్ధతినే పట్టుకున్నాయి. షీట్‌లో సున్నా వరుస లేదు.

ఈ రెండు లెక్కలూ తెలుగువాళ్లకు కొత్తవేమీ కావు. పాపకు ఎన్నేళ్లు అని అడిగితే ఒకరు "మూడో ఏడు నడుస్తోంది" అంటారు, ఇంకొకరు "రెండు నిండాయి" అంటారు. పాప ఒకటే, రోజు ఒకటే, రెండు జవాబులూ నిజమే. నడుస్తున్న ఏటిని చెబితే లెక్క ఒకటితో మొదలవుతుంది. నిండిన ఏళ్లను చెబితే సున్నాతో మొదలవుతుంది, ఎందుకంటే పుట్టిన నాటికి ఏడాదేమీ నిండలేదు. అరేల్లోనూ సరిగ్గా ఇదే తేడా. రేంజ్ నుంచి వచ్చిన అరే నడుస్తున్న లెక్క చెబుతుంది. మాటల వరుసను ముక్కలు చేసే స్ప్లిట్ ఇచ్చే అరే నిండిన లెక్క చెబుతుంది. ఇక మీదట నేను నడుస్తున్న లెక్క, నిండిన లెక్క అనే ఈ మాటలనే వాడతాను.

ఎక్సెల్ తన లోపలే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంది. రేంజ్("బి5").సెల్స్(1, 1) అంటే బి5. రేంజ్("బి5").ఆఫ్‌సెట్(0, 0) అన్నా బి5. సెల్స్‌ది నడుస్తున్న లెక్క, ఆఫ్‌సెట్‌ది నిండిన లెక్క. అరే మీద ఒకటి నుంచి 33 దాకా లూప్ తిప్పుతూ, ఫలితాన్ని బి5 నుంచి ఆఫ్‌సెట్(ఐ, 3) లో (ఐ అంటే లూప్ అంకె) రాసేవారిని నేను ఎందరినో చూశాను. ఆదిలాబాద్ ఫలితం ఇ5లో పడవలసింది ఇ6లో పడుతుంది. ఆఫ్‌సెట్(ఐ - 1, 3) అని రాయాలి. ఆ ఒకటిని ఎందుకు తీసేస్తున్నామో తెలిసి రాయాలి. తెలియకుండా, జవాబు సరిపోయేదాకా ఒకటి కలుపుతూ ఒకటి తీస్తూ పోయే అలవాటు ప్రమాదకరం. ఆ కోడ్ ఇవాళ్టి పట్టికకు సరిపోతుంది, రేపటి పట్టికకు సరిపోతుందో లేదో రాసినవారికే తెలియదు.

షీట్ వరుస అంకె కావాలంటే, అరే వరుస అంకెకు రేంజ్ మొదలైన వరుసను కలిపి ఒకటి తీసేయాలి. మన పట్టికలో ఒకటికి అయిదు కలిపి ఒకటి తీస్తే అయిదు. 33కు అయిదు కలిపి ఒకటి తీస్తే 37. ఆ అయిదును కోడ్‌లో అంకెగా రాయకండి. రేంజ్‌ను ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, దాని రో అనే గుణాన్ని అడగండి. పై అధికారి రేపు పట్టిక మీద ఇంకో రెండు శీర్షికలు చేర్చమంటే, రేంజ్ చిరునామాను ఒక్కచోట మార్చితే చాలు, మిగతా కోడ్ తనంతట తానే సరిపడుతుంది.

నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబుతాను. సంస్థ పేరు చెప్పను. అక్కడ నెలనెలా చెల్లింపుల పట్టిక ఒక ఫైల్‌గా వచ్చేది. దాని మీద నడిచే మాక్రో, షీట్‌లో వాడిన భాగమంతా ఇచ్చే యూజ్డ్‌రేంజ్‌ను అరేలోకి తీసుకుని, రెండో వరుస నుంచి ప్రతి మనిషికీ రావలసిన మొత్తాన్ని లెక్కగట్టి, అరే వరుస అంకెనే షీట్ వరుస అంకెగా వాడి పక్క కాలమ్‌లో రాసేది. ఏళ్ల తరబడి అది సరిగ్గానే నడిచింది, ఎందుకంటే ప్రతి నెలా ఫైల్ మొదటి వరుసలోనే శీర్షికలతో మొదలయ్యేది. ఒక నెల ఆ ఫైల్ పైన ఒక ఖాళీ వరుసతో వచ్చింది. యూజ్డ్‌రేంజ్ ఎప్పుడూ ఎ1లోనే మొదలుకావాలని లేదు. వాడిన మొదటి వరుస ఎక్కడుంటే అక్కడ మొదలవుతుంది. ఆ నెల రెండో వరుసలో మొదలైంది. దానితో ఒక్కొక్కరి మొత్తం ఒక్కో వరుస పైకి జరిగి, పక్కవారి పేరుకు ఎదురుగా పడింది. ఎర్రర్ సందేశం ఏదీ రాలేదు. కాలమ్ మొత్తం కూడి చూస్తే సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే అంకెలన్నీ ఉన్నాయి, ఉండవలసిన చోట మాత్రం లేవు. మొదటి మనిషి మొత్తం శీర్షిక ఉన్న గడిలో పడి దాన్ని చెరిపేయడంతో, ఆ కాలమ్ తలమీద మాట ఉండవలసిన చోట అంకె ఎందుకుందని ఒక ఉద్యోగి అడిగారు. ఆ ప్రశ్న వల్ల డబ్బు బయటికి వెళ్లకముందే తప్పు దొరికింది. మొత్తం సరిపోయింది కదా అన్న ధీమా ఇలాంటి చోట పనికిరాదని ఆ రోజు నేను నేర్చుకున్నాను. మొత్తం ఒక్కటే చూడకుండా, మొదటి మనిషినీ చివరి మనిషినీ పేరుతో సహా చూడాలి.

మన జిల్లాల పట్టికలోనూ ఇదే ప్రమాదం పక్కవాటుగా ఉంది. ఎ కాలమ్ ఖాళీ కాబట్టి యూజ్డ్‌రేంజ్ బి1లో మొదలవుతుంది. వరుసల లెక్క అదృష్టవశాత్తూ కలుస్తుంది, కాలమ్‌ల లెక్క కలవదు. డేటా(5, 2) ఆదిలాబాద్ పేరు ఇస్తుందని అనుకుంటే అది సాధారణ వర్షపాతాన్ని ఇస్తుంది.

ఇప్పుడు అందరినీ కనీసం ఒక్కసారైనా ఇబ్బంది పెట్టిన సంగతికి వస్తాను. జిల్లాల పేర్లు మాత్రమే కావాలని బి5:బి37ను అరేలోకి తీసుకున్నామనుకోండి. ఒక్కటే కాలమ్ కదా, పేర్లు(1) అని రాస్తే ఆదిలాబాద్ రావాలని మనసు చెబుతుంది. రాదు. ఎర్రర్ 9, సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్ అని వస్తుంది. ఒక కాలమ్ ఉన్నా, ఒక వరుస ఉన్నా, రేంజ్ నుంచి వచ్చే అరేకు రెండు కొలతలు ఉంటాయి. పేర్లు(1, 1) అని రాయాలి, పేర్లు(2, 1) అని రాయాలి. రెండో చోట ఎప్పుడూ ఒకటే ఉంటుంది, అయినా రాయాలి.

మరి ఒకే ఒక గడి ఉంటే? అప్పుడు నియమం ఉన్నపళాన మారిపోతుంది. ఒక్క గడిని వాల్యూ అని అడిగితే అరే రాదు, ఆ గడిలోని విలువ ఒక్కటే వస్తుంది. అరే చివరి అంకెను చెప్పే యూబౌండ్‌ను దాని మీద అడిగితే ఎర్రర్ 13, టైప్ మిస్‌మ్యాచ్. డేటా పక్కన కుండలీకరణాలు పెట్టి వేరియంట్ అరేగా ప్రకటించి ఉంటే, విలువను తీసుకునే వాక్యం దగ్గరే అదే ఎర్రర్ వస్తుంది. ఇది రాసిన రోజున బయటపడే తప్పు కాదు, అదే దీనిలోని కష్టం. ఒకే కాలమ్‌లో రోజూ పదుల కొద్దీ రసీదులు వచ్చే షీట్ మీద ఆ మాక్రో నెలల తరబడి నడుస్తుంది. ఒక సెలవు మరునాడు ఒక్కటే రసీదు వచ్చిన రోజున ఆగిపోతుంది. దీనికి మందు ఒక చిన్న ఫంక్షన్. రేంజ్‌లో గడుల సంఖ్యను కౌంట్‌లార్జ్‌తో అడగండి. ఒకటే అయితే, ఒకటి నుంచి ఒకటి, ఒకటి నుంచి ఒకటి అని రీడిమ్ చేసి (కొలతలు నిర్ణయించి) ఒక్క గడి ఉన్న అరేను మీరే కట్టి, అందులో విలువను పెట్టండి. లేకపోతే వాల్యూను నేరుగా తీసుకోండి. ఆ తరువాతి కోడ్‌కు ఎప్పుడూ రెండు కొలతల అరేనే అందుతుంది. నేను రాసే ప్రతి వర్క్‌బుక్‌లో ఈ ఫంక్షన్ ఉంటుంది.

వివరాలు అసలే లేని రోజున ఇంకో చిక్కు వస్తుంది. చివరి వరుసను కనుక్కోవడానికి బి కాలమ్ అడుగు నుంచి ఎండ్‌తో పైకి ఎక్కడం మనందరి అలవాటు. పట్టిక ఖాళీగా ఉంటే ఆ ఎక్కడం నాలుగో వరుసలోని శీర్షిక దగ్గర ఆగుతుంది. అప్పుడు మన కోడ్ బి5:డి4 అనే రేంజ్‌ను అడుగుతుంది. ఎక్సెల్ దాన్ని తప్పు అనదు. మూలలను సర్దుకుని బి4:డి5గా తీసుకుంటుంది. రెండు వరుసల అరే వస్తుంది, అందులో మొదటి వరుసలో జిల్లా అన్న శీర్షిక ఒక జిల్లాగా వచ్చి కూర్చుంటుంది. చివరి వరుస అంకె మొదటి వరుస అంకెకన్నా తక్కువ అయితే అక్కడే వెనుదిరిగే షరతు ఒకటి ముందే పెట్టుకోవాలి. టేబుల్‌గా మార్చిన పట్టికల్లో అయితే, వరుసలేమీ లేనప్పుడు వివరాల భాగాన్ని ఇచ్చే డేటాబాడీరేంజ్ నథింగ్ (ఏమీ లేదు) అవుతుంది, ఆ పరీక్ష అక్కడ చేయాలి.

హద్దుల పట్ల అరే కఠినంగా ఉంటుందని, రేంజ్ అలా ఉండదని కూడా గమనించండి. డేటా(34, 1) అంటే ఎర్రర్ 9. అదే బి5:డి37 రేంజ్ మీద సెల్స్(34, 1) అంటే బి38 వస్తుంది, ఎర్రర్ రాదు. సెల్స్(0, 0) అన్నా ఎర్రర్ రాదు, ఎ4 వస్తుంది. గడి గడికీ చదివే పాత మాక్రోను అరే పద్ధతికి మార్చగానే ఎర్రర్‌లు మొదలయ్యాయని కొందరు వాపోతారు. చాలాసార్లు ఆ తప్పు ముందు నుంచీ ఉన్నదే. రేంజ్ దాన్ని చూసీచూడనట్లు వదిలేసింది, అరే నిలదీసింది. ఆ ఎర్రర్‌ను నేను మేలుగానే భావిస్తాను.

మన కోడ్‌లో రేంజ్ నుంచి వచ్చిన అరే ఒంటరిగా ఉండదు. కామాలతో ఉన్న ఒక మాటల వరుసను స్ప్లిట్‌తో విడదీస్తాం. అది ఆప్షన్ బేస్ ఏమన్నా సరే సున్నాతోనే మొదలవుతుంది. అరే అనే ఫంక్షన్‌తో నాలుగు పేర్లు పేర్చుకుంటాం. అది ఆప్షన్ బేస్ మాట వింటుంది, కానీ ముందు విబిఎ అని చేర్చి పిలిస్తే మాత్రం ఎప్పుడూ సున్నాయే. డిమ్ ఎ(10) అంటే పది కాదు, ఆప్షన్ బేస్ రాయనప్పుడు సున్నా నుంచి పది దాకా పదకొండు స్థానాలు. నా మాట వింటే, సొంత అరేలను ప్రతిసారీ రెండు హద్దులతో, ఒకటి టు పది అని పూర్తిగా ప్రకటించండి. ఆప్షన్ బేస్‌ను ముట్టుకోకండి, ఎందుకంటే ఆ మాడ్యూల్‌లోని కోడ్‌ను ఎవరైనా ఇంకో మాడ్యూల్‌లోకి తెచ్చుకున్నప్పుడు ఆ పై వాక్యం వెంట రాదు, కోడ్ అర్థం మాత్రం మారిపోతుంది.

ఎవరు కట్టిన అరే అయినా, లూప్‌ను మొదటి అంకెను చెప్పే ఎల్‌బౌండ్ నుంచి యూబౌండ్ దాకా తిప్పాలి. ఎన్ని ఉన్నాయి అన్న ప్రశ్నకు జవాబు యూబౌండ్ కాదు. యూబౌండ్ లోంచి ఎల్‌బౌండ్‌ను తీసేసి ఒకటి కలపాలి. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మన పెద్దవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అంటారు, ఆ తరువాతే రెండు, మూడు. దానికి ఏ పేరు పెట్టినా కొలిచింది ఒక కుంచమే, లెక్కలో దాన్ని వదిలేస్తే రైతుకు నష్టమే. అరేలో మొదటిదాన్ని సున్నా అన్నా ఒకటి అన్నా అది ఒక విలువే. ఖాళీ మాటను స్ప్లిట్ చేస్తే ఎల్‌బౌండ్ సున్నా, యూబౌండ్ మైనస్ ఒకటి వస్తాయి. మన సూత్రం ప్రకారం లెక్క సున్నా, అది నిజమే.

ఇక తిరిగి రాయడం. ప్రతి జిల్లాకూ సాధారణంతో పోలిస్తే ఎంత శాతం తేడా ఉందో లెక్కగట్టి, ఇ కాలమ్‌లో ఒకేసారి రాయాలి. తేడాలు అనే అరేను ఒకటి టు 33, ఒకటి టు ఒకటి అని కట్టి, నింపి, ఇ5ను 33 వరుసలకు రీసైజ్ చేసి, దాని వాల్యూకు ఈ అరేను ఇస్తే సరి. రాసేటప్పుడు ఎక్సెల్ అరేలోని అంకెలను చూడదు, స్థానాలను మాత్రమే చూస్తుంది. సున్నాతో మొదలైన అరేను ఇచ్చినా మొదటిది మొదటి గడిలోనే పడుతుంది. ఇది మేలులా కనబడుతుంది, కానీ మనం రీసైజ్‌కు యూబౌండ్‌నే ఇచ్చే అలవాటులో ఉంటే, సున్నాతో మొదలైన అరేకు అది 32 అవుతుంది, యాదాద్రి భువనగిరి మౌనంగా రాలిపోతుంది. రేంజ్ చిన్నదైతే మిగిలిన విలువలను ఎక్సెల్ చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. రేంజ్ పెద్దదైతే మిగిలిన గడుల్లో ఎన్ బై ఏ (విలువ లేదు) అని నింపుతుంది. రెండోదే నయం, కనీసం కంటికి కనబడుతుంది.

ఒకే కొలత ఉన్న అరేను నిలువు రేంజ్‌కు ఇస్తే జరిగేది ఇంకా చిత్రం. ఒక కొలత అరేను ఎక్సెల్ ఒక అడ్డు వరుసగా భావిస్తుంది. ఆ అడ్డు వరుసను ఒక్క కాలమ్ ఉన్న 33 వరుసల్లోకి సర్దమంటే, ప్రతి వరుసలోనూ మొదటి విలువనే పెడుతుంది. 33 జిల్లాలకూ ఆదిలాబాద్ శాతమే వస్తుంది. ట్రాన్స్‌పోజ్‌తో దాన్ని నిలువుగా తిప్పమని చాలామంది చెబుతారు, చిన్న పట్టికలకు అది సరే. కానీ 65,536 దాటిన అరేల విషయంలో ట్రాన్స్‌పోజ్‌ను నమ్మకూడదు. 2003 నాటి షీట్‌ల వరుసల పరిమితి అది, దాని నీడ ఆ ఫంక్షన్ మీద ఇంకా ఉంది. మొదటే రెండు కొలతల అరేను కట్టుకుంటే తిప్పే అవసరమే రాదు. లూప్ అంకెను ఇంటిజర్‌గా కాక లాంగ్‌గా ప్రకటించాలన్న సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఇంటిజర్ 32,767 దగ్గర ఆగిపోతుంది, షీట్ ఆగదు.

అరేకు వరుసలు పెంచుకోవాలనుకున్నప్పుడు ఇంకో గోడ తగులుతుంది. ఉన్న విలువలను పోగొట్టకుండా అరే కొలతను మార్చే రీడిమ్ ప్రిజర్వ్ చివరి కొలతను మాత్రమే పెంచగలదు. రేంజ్ ఇచ్చిన అరేలో చివరి కొలత కాలమ్‌లది. కనుక డేటాకు ఇంకో కాలమ్ చేర్చవచ్చు, 34వ వరుసను చేర్చలేము. చేర్చబోతే మళ్లీ ఎర్రర్ 9. తేడా బాగా ఉన్న జిల్లాలను మాత్రమే ఏరి వేరే అరేలో పెట్టాలంటే, ముందే 33 వరుసలకు కట్టుకుని, ఎన్ని నిండాయో లెక్క పెట్టుకుని, రాసేటప్పుడు అన్నింటికే రీసైజ్ చేయడం సులువైన దారి. ఇక్కడ మిగిలినవి రాలిపోవడం మనకు అనుకూలమే.

విలువలను ఒక్కొక్కటిగా చేతికిచ్చే ఫర్ ఈచ్ లూప్ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. రేంజ్ మీద ఫర్ ఈచ్ తిప్పితే బి5, సి5, డి5, ఆ తరువాత బి6 అని అడ్డంగా నడుస్తుంది. అదే రేంజ్‌ను అరేలోకి తెచ్చుకుని ఫర్ ఈచ్ తిప్పితే, 33 జిల్లాల పేర్లన్నీ అయ్యాకగానీ వర్షపాతం అంకెలు మొదలుకావు. అరే జ్ఞాపకంలో కాలమ్ వెంట కాలమ్‌గా పేర్చి ఉంటుంది, ఫర్ ఈచ్ ఆ పేర్పు వెంటే పోతుంది. అన్నీ కూడటానికైతే ఏ క్రమమైనా ఒకటే. లూప్‌లో మూడింటికి ఒకసారి జిల్లా మారుతుందని లెక్కపెట్టుకునే కోడ్ మాత్రం పూర్తిగా తలకిందులవుతుంది. రెండు కొలతల అరే మీద నేను ఫర్ ఈచ్ వాడను.

ఫిల్టర్ పెట్టిన పట్టికలో కనబడే గడులను మాత్రమే తీసుకునేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ గడులు ముక్కలు ముక్కలుగా ఉంటాయి, ఒక్కో ముక్క ఒక ఏరియా. అలాంటి రేంజ్‌ను వాల్యూ అని అడిగితే మొదటి ఏరియా మాత్రమే అరేగా వస్తుంది, మిగిలినవి రావు, ఎర్రర్ కూడా రాదు. ఏరియాల మీద విడిగా లూప్ తిప్పాలి. ప్రతి ఏరియా అరే మళ్లీ ఒకటితోనే మొదలవుతుంది, దాని షీట్ వరుస దాని సొంత రోను అడిగితేనే తెలుస్తుంది. ఆ ఏరియాల్లో ఒకటి ఒకే గడి కావచ్చు కాబట్టి ఇందాకటి చిన్న ఫంక్షన్ ఇక్కడ కూడా కావాలి.

సభలోంచి ఒక ప్రశ్న వచ్చింది, ఇవే మాక్రోలను గూగుల్ షీట్స్‌కు మార్చుకుంటున్నవారి సంగతి ఏమిటని. మంచి ప్రశ్న. అక్కడ గెట్‌రేంజ్(5, 2, 33, 3) అని అడిగేటప్పుడు మొదటి రెండు అంకెలూ నడుస్తున్న లెక్కలో ఉంటాయి: అయిదో వరుస, రెండో కాలమ్. తరువాతి రెండూ ఎన్ని వరుసలు, ఎన్ని కాలమ్‌లు అన్న సంఖ్యలు. గెట్‌వాల్యూస్ ఇచ్చే అరే మాత్రం నిండిన లెక్కలో ఉంటుంది, ఆదిలాబాద్ సున్నా, సున్నా దగ్గర దొరుకుతుంది, యాదాద్రి భువనగిరి వర్షపాతం 32, రెండు దగ్గర. ఒకే వాక్యంలో రెండు లెక్కలూ కలిసి ఉంటాయన్నమాట. షీట్ వరుస కావాలంటే అరే అంకెకు అయిదు కలిపితే చాలు, ఒకటి తీయనక్కరలేదు. ఒక్క గడినైనా గెట్‌వాల్యూస్ అరేలో అరేగానే ఇస్తుంది కాబట్టి ఆ చిక్కు అక్కడ లేదు. దానికి బదులు ఇంకొకటి ఉంది: లేని కాలమ్‌ను అడిగితే ఎర్రర్ రాకుండా అన్‌డిఫైన్డ్ అనే విలువ వస్తుంది, అది లెక్కల్లోకి చేరి చాలా దూరం వెళ్లాకగానీ కనబడదు.

లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో దాని సొంత పద్ధతిలో రాస్తే ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. గెట్‌డేటాఅరే సున్నాతో మొదలై, అరేలో అరేగా వస్తుంది కాబట్టి డేటా(0)(0) అని రెండు జతల కుండలీకరణాలతో అడగాలి. గడిని స్థానంతో అడిగే గెట్‌సెల్‌బైపొజిషన్‌కు కూడా నిండిన లెక్కే. పైగా అందులో కాలమ్ ముందు, వరుస తరువాత. మన బి5ను అక్కడ ఒకటి, నాలుగు అని అడగాలి.

ఈ మూడింటిలో దేని నుంచి దేనికి మారుతున్నా, మిగతా కోడ్‌ను ముట్టుకోకముందు నేను చేసే పని ఒకటే. పట్టికను అరేలోకి తెచ్చుకుని, మొదటి జిల్లా పేరునూ, చివరి జిల్లా చివరి కాలమ్‌లోని విలువనూ తెర మీద ముద్రించి, షీట్‌తో పోల్చి చూస్తాను. తరువాత కావాలనే 34వ జిల్లాను అడిగి, ఆ చోట ఎర్రర్ వస్తుందో, ఖాళీ వస్తుందో, ఇంకేదైనా గడి వస్తుందో చూసి రాసిపెట్టుకుంటాను. ఇప్పుడు మీ ముందున్న కంప్యూటర్లలో ఆ వర్షపాతం పట్టిక తెరిచి ఉంది. లోకల్స్ కిటికీ తెరిచి, మొదట బి5:డి37తో, ఆ తరువాత బి5 ఒక్కదానితో అది చేసి చూడండి. నేను మీ వరుసల మధ్యకు వస్తాను.